ఆవకాయకు లొంగిన నాలుక... కాకరకాయకు లొంగదా!

కంచంలో కూరముక్కలన్నీ ఏరి అంచుకు నెట్టేది పిల్లలే అనుకుంటాం. కానీ నలభై ఏళ్లొచ్చినా ఆకుకూర పేరెత్తితే ముఖం చిట్లించే నాన్నలూ, బీరకాయ ఉడుకుతున్న వాసనకే వీధిలోకి వెళ్లిపోయే బాబాయిలూ, వంకాయ ముట్టని వదినలూ మన ఇళ్లలో తక్కువేం లేరు. 'చిన్నప్పట్నుంచీ అంతే' అంటారు వాళ్లు. 'ఇక మారరు' అంటారు ఇంట్లోవాళ్లు. రెండూ నిజం కాదు. నాలుకకు కొత్త రుచి నేర్పించవచ్చు. ఎలాగో మామిడి తోటల సీమ నూజివీడు వంటిళ్లలోనే తెలుస్తుంది.

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి... ఏప్రిల్‌ దాటిందంటే ఈ దారుల్లో ఎటు వెళ్లినా మామిడి వాసనే. తోటల్లో చిక్కాలతో కాయ దించేవాళ్లు, చెట్ల కింద రాశులు, నున్న మార్కెట్‌కి బయల్దేరే బళ్లు, ఇళ్లలో వరిగడ్డి మీద మాగుతున్న కాయలు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. పండు పేరు మాత్రం మారలేదు. ఎక్కడ అమ్మినా అవి 'నూజివీడు రసాలే'.

ఈ ఊళ్లలో పండు విషయంలో అందరికీ పట్టింపే. చిన్న రసం ఇష్టపడేవాళ్లు పెద్ద రసాన్ని ఓ పట్టాన ఒప్పుకోరు. చెరుకు రసం తీపి వేరంటారు. బంగినపల్లి కోసుకు తినడానికి, రసం పిసుక్కుని తాగడానికి. కలెక్టర్‌ కాయనైతే దోరగా ఉండగానే ఉప్పూకారం అద్దుకుని కొరకాలి. పండు చేతిలోకి తీసుకుని, ముచ్చిక దగ్గర వాసన చూసి, 'ఇది ఇవాళ్టిది కాదు, రేపటికి ఉంచు' అనేవాళ్లు ఇంటికొకరుంటారు. వీళ్లనెవరూ తిండికి పేచీ పెడుతున్నారనరు. రుచి తెలిసినవాళ్లంటారు. అదే మనిషి మర్నాడు తోటకూరను పక్కకు నెడితే మాత్రం పేచీకోరు!

చిత్రమేమిటంటే రెండు పనులూ చేస్తున్నది ఒకే నాలుక. కూరకు వంక పెట్టేవాళ్లలో చాలామందికి రుచి తెలియక కాదు, మిగతావాళ్లకు పట్టని చిన్న చేదూ, చిన్న వాసనా, చిన్న జిగటా వాళ్లకు పెద్దగా తెలియడం వల్లే ఇబ్బంది.

రెండు నెలల సెలవు

మామిడి కాలంలో ఈ గొడవ బయటపడదు. పెరుగన్నంలో ఓ రసం పండు పిండుకుంటే పూట గడిచిపోతుంది. మధ్యాహ్నం ముక్కల పచ్చడి, రాత్రి మామిడికాయ పప్పు. కూర ఎందుకు తినలేదని అడిగేవాళ్లుండరు. జూన్‌లో తొలకరి పడి, తోటలు ఖాళీ అయ్యాక అసలు సమస్య మొదలవుతుంది. మళ్లీ బంగాళాదుంప వేపుడు, అప్పడం, పచ్చడి, పెరుగు. వారంలో ఏడు రోజులూ ఈ నాలుగే.

ఇరవై ఏళ్ల వయసులో దీన్ని ఎవరూ పట్టించుకోరు. నలభై దగ్గరపడ్డాక రక్తపరీక్ష కాగితం చేతికొస్తుంది. షుగరో, బీపీయో, కొలెస్ట్రాలో హద్దు దాటి ఉంటుంది. 'కూరగాయలు పెంచండి, అన్నం తగ్గించండి' అని డాక్టరు ఒక్క ముక్కలో చెప్పేస్తారు. చెప్పినంత తేలికా అది? హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. కంచంలో సగం కూరగాయలూ, ఆకుకూరలూ, పళ్లే ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలూ పళ్లూ తినమంటోంది. కూర అంటే బంగాళాదుంపే అనుకునే మనిషికి ఈ లెక్క చూపిస్తే ఏమవుతుంది? కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తాడు. (ఆ 400 గ్రాముల్లో బంగాళాదుంపను లెక్కలోకి తీసుకోరన్నది మరో పిడుగు!)

ఇంకో సంగతి. ఇంట్లో ఇలాంటివారొకరుంటే పొయ్యి మీద రోజూ రెండు వంటలు. ఆయనకో వేపుడు, మిగతావాళ్లకో కూర. ఆ రెండో గిన్నె బరువు ఎవరి మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. పైగా నాన్న కంచంలోంచి ముక్కలు అంచుకు జరుగుతుంటే పక్కన కూర్చున్న పిల్లాడు చూస్తూనే ఉంటాడు. రేపు వాడి కంచం అంచునా అవే ముక్కలు.

మొదటి పాఠం ఆవకాయే

'నా నాలుకకు కొత్తవి ఎక్కవండీ' అనే పెద్దమనిషిని ఒక్క ప్రశ్న అడగాలి. ఆవకాయ తింటారా? తినకపోవడమేం, అది లేకపోతే ముద్ద దిగదంటారు. అయితే ఆయన నాలుక ప్రపంచంలో అందరికన్నా కష్టమైన పాఠం ఎప్పుడో నేర్చేసుకున్నట్టే!

కారం అసలు రుచే కాదు. అది మంట. మిరపకాయలోని క్యాప్సైసిన్‌ అనే పదార్థం నోట్లో వేడిని, నొప్పిని పసిగట్టే ద్వారాలను తట్టిలేపుతుంది. ఆ ద్వారాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్‌ జూలియస్‌కి 2021లో నోబెల్‌ బహుమతి వచ్చింది. అంటే ఆవకాయ నాకిన పసిబిడ్డకు శరీరం చెప్పేది ఒక్కటే, 'కాలుతోంది, ఉమ్మెయ్‌' అని. పుట్టుకతో మిరపకాయను ఇష్టపడే బిడ్డ గుంటూరులోనూ ఉండదు. అసలు మిరప మన పంటే కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో వచ్చింది. అంతకుముందు మన తాతముత్తాతలకు మిరియాల ఘాటే తెలుసు. అలాంటి పరాయి మంటను తెచ్చి, మామిడికాయకు ఆవపిండితో జతకట్టి, అదే మన ఇంటి రుచి అనుకునేంతగా మార్చుకున్నాం.

ఎలా మారింది? అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మానసిక శాస్త్రవేత్త పాల్‌ రోజిన్‌ ఈ ప్రశ్న పట్టుకుని మెక్సికోలోని ఓ కొండప్రాంతపు పల్లెకు వెళ్లారు. ఆ ఊళ్లో పెద్దలు మూడు పూటలా కారం తింటారు. పిల్లలకెవరూ బలవంతాన పెట్టడం లేదు. పెద్దలు ఇష్టంగా తింటుంటే చూసి, కాస్త కాస్తగా రుచి చూసి, బడికి వెళ్లే వయసుకల్లా వాళ్లే వేసుకుంటున్నారు. ఆయనకు మరో అనుమానం వచ్చింది. ఆ ఊరి కుక్కలూ పందులూ కూడా రోజూ కారం కలిసిన ఎంగిలి మెతుకులే తింటాయి కదా, వాటికీ ఇష్టం పుట్టిందా? కారం వేసిందీ వేయనిదీ పక్కపక్కన పెట్టి చూస్తే అవి చప్పటిదానివైపే వెళ్లాయి. రోజూ నోట్లో పడ్డం ఒక్కటే చాలదన్నమాట. పక్కన కూర్చుని ఇష్టంగా తినే మనిషి కూడా ఉండాలి. 1980లో అచ్చయిన ఆ పరిశోధన చదువుతుంటే మెక్సికో కన్నా మన పల్లెలే కళ్లముందు మెదులుతాయి.

మన అమ్మమ్మలు చేసిందీ అదే. ఆవకాయ ముక్కను నీళ్లలో కడిగి చేతికిచ్చేవారు. బిడ్డ దాన్ని చప్పరించి ముఖం వికారంగా పెడితే నవ్వి ఊరుకునేవారు. కొన్నాళ్లకు నెయ్యీ ముద్దపప్పూ కలిపిన అన్నంలో గోరంత గుజ్జు. మరికొన్నాళ్లకు ఇంకాస్త. ఏడిస్తే ఆపేవారు, నాల్రోజులాగి మళ్లీ పెట్టేవారు. కొద్దిగా పెట్టడం, తెలిసిన రుచితో కలిపి పెట్టడం, పదేపదే పెట్టడం, పెద్దలు పక్కనే కూర్చుని తినడం. ఆవకాయ విషయంలో ఇంత ఓపిక చూపించిన మనం, తోటకూర దగ్గరికొచ్చేసరికి గరిటెడు వడ్డించి 'తింటావా తినవా' అని నిలదీస్తాం.

నాలుక ఎందుకు మొరాయిస్తుంది?

తీపి అంటే బలం, చేదు అంటే విషం. అడవిలో తిరిగిన కాలం నుంచీ మనిషి శరీరానికి తెలిసిన లెక్క ఇది. అందుకే చేదును పసిగట్టడానికి మన నోట్లో పాతిక రకాల గ్రాహకాలున్నాయి. అవి అందరిలోనూ ఒకలా ఉండవు. 1931లో అమెరికాలో డూపాంట్‌ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్‌ ఫాక్స్‌ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలోని పొడి గాల్లోకి ఎగిరింది. పక్కనున్న మనిషి 'ఎంత చేదో' అన్నాడు. ఫాక్స్‌కి ఏ రుచీ తెలియలేదు. ఇద్దరూ వాదించుకుని, చివరికి మిగతావాళ్లకూ రుచి చూపిస్తే కొందరికి చేదు, కొందరికి ఏమీ లేదు! ఈ తేడాకు కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. కాబట్టి 'అంత చేదేముంది, నేను తినట్లేదూ?' అని అత్తగారు అనడంలో న్యాయం లేదు. ఆవిడ నోట్లోని కాకరకాయ, అల్లుడి నోట్లోని కాకరకాయ ఒకటి కాకపోవచ్చు.

కొందరికి చేదుతో పేచీ లేదు. బెండకాయ జిగట, వంకాయ మెత్తదనం, పాలకూర ఉడికాక నాలుకకు అంటుకునే తీరు... అదీ గొడవ. మరికొందరికి ఎప్పుడో చిన్నప్పుడు ఏదో తిన్న రాత్రి వాంతి అయి ఉంటుంది. ఆ కూర తప్పేమీ లేకపోయినా శరీరం దాన్ని దోషిగా రాసేసుకుంటుంది. ఎందుకు పడదో తెలిస్తే సగం పని అయినట్టే. ఎందుకంటే చేదుకు వాడే మందు వేరు, జిగటకు వాడే మందు వేరు.

పెద్దయ్యాక మారుతుందా అన్నదానికీ జవాబుంది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా ప్లైనర్‌ 1982లో కాలేజీ కుర్రాళ్లకు ఎన్నడూ తాగని ఉష్ణదేశాల పళ్ల రసాలిచ్చి చూశారు. కొన్నిటిని అయిదుసార్లు, కొన్నిటిని పదిసార్లు, కొన్నిటిని ఇరవైసార్లు రుచి చూపించారు. ఎక్కువసార్లు రుచి చూసినవే ఎక్కువ నచ్చాయి. కూరకూ ఇదే లెక్క. రెండుసార్లు తిని 'నాకు పడదు' అని తేల్చేస్తే ఎలా? పది, పదిహేనుసార్లు నోట్లో పడాలి. ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఏడాదికొక్క చెంచా చొప్పున తింటున్నాం కనుకే అది ఎప్పటికీ చేదుగానే ఉండిపోయింది!

పులుపు పట్టుకుని...

నూజివీడు వంటింటికి ఇక్కడే పని పడుతుంది. ఇష్టంలేని కూరను ఇష్టమైన రుచి చేయి పట్టించి నడిపించాలి. తెలుగువాళ్ల నాలుకకు పులుపు కన్నా దగ్గరి చుట్టం ఎవరు? పచ్చి మామిడికాయ ఉంటే ఆకుకూర సగం లొంగినట్టే. తోటకూర మామిడికాయ పప్పు, మెంతికూర మామిడికాయ పప్పు, దోసకాయ మామిడికాయ పచ్చడి. మామిడికాయ పప్పు తినే మనిషికి మొదటి వారం అందులో గుప్పెడు ఆకు పడినా తెలియదు. తర్వాత రెండు గుప్పెళ్లు. నెల తిరిగేసరికి ఆకులో పప్పు ఉంటుంది. దాచిపెట్టి మోసం చేయక్కర్లేదు, 'ఇవాళ తోటకూర వేశా' అని చెప్పే వడ్డించాలి. తెలియకుండా పెడితే కడుపు నిండుతుందే తప్ప నాలుక నేర్చుకోదు. పైగా దొరికిపోయిన రోజున మామిడికాయ పప్పు మీద కూడా నమ్మకం పోతుంది.

ఈ జోడీకి ఇంకో లాభముంది. ఆకుకూరల్లో ఇనుముంటుంది కానీ అది ఒంటికి పట్టడం కష్టం. విటమిన్‌-సి తోడైతే బాగా పడుతుంది. పచ్చి మామిడిలో అది పండులో కన్నా ఎక్కువ. ఉడికించినప్పుడు కొంత పోతుంది కాబట్టి, కాస్త మామిడి తురుము చివర్లో పైన చల్లుకుంటే రుచికి రుచి, లాభానికి లాభం.

బెండకాయ జిగట పడనివాళ్లకు పులుపే మందు. ముక్కలు ముందు పొడిగా వేయించి, తర్వాత మామిడికాయతోనో చింతపండుతోనో పులుసు పెడితే జిగురు విరిగిపోతుంది. వంకాయ మెత్తదనం నచ్చనివాళ్లు సన్నగా తరిగి వేయించుకోవచ్చు. బీరకాయ ఉడికితే పడనివాళ్లకు బీరపొట్టు పచ్చడి కరకరలాడుతుంది.

ఇక కాకర. చక్రాల్లా తరిగి ఉప్పు పట్టించి, కాసేపాగి పిండేయడం మనకు కొత్త కాదు. రసంతోపాటు చేదు కొంత పోతుంది. మిగిలిన చేదునూ ఉప్పు అణిచేస్తుందని 1997లో బ్రెస్లిన్‌, బోషాం అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఆపైన చింతపండూ బెల్లమూ. మొదటిరోజు మాత్రం కంచంలో వేయాల్సింది రెండే చక్రాలు. మూడోది అడిగితేనే. ఇక్కడ తొందరపడి గిన్నె వంచితే మళ్లీ ఆర్నెల్లు ఆగాల్సిందే.

ఇందులో ఓ మెలిక లేకపోలేదు. కూరను లొంగదీయడానికి ఆవకాయ నంజుకుంటూ పోతే ఉప్పూ నూనే పెరుగుతాయి. పెద్దవాళ్లకు రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే చెంచాడు. బీపీ ఉన్నవాళ్లు ఊరగాయ ఊతకర్రను పక్కనపెట్టి, పచ్చి మామిడి ఊతకర్రను పట్టుకోవడం మేలు.

చప్పిడి కూడు ప్రయోగం

2000 దశకంలో మన రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో ఉప్పు డబ్బా అటక ఎక్కిందో! విజయవాడ దగ్గర కృష్ణా ఒడ్డున ప్రకృతి వైద్యం చేసే మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని వంటల గురించి టీవీల్లో, పుస్తకాల్లో చెబుతుంటే జనం నోట్సు రాసుకున్నారు. చాలా ఇళ్లలో ఆ ఉత్సాహం వారం దాటలేదు, ఉప్పు డబ్బా మళ్లీ కిందికి దిగింది. పట్టుబట్టి కొనసాగించినవాళ్లు మాత్రం కొన్నాళ్లకు సొరకాయలోనూ తీపి తెలిసిందనేవారు. అది వట్టి నమ్మకం కాదు. ఫిలడెల్ఫియాలోని మోనెల్‌ కేంద్రంలో 1982లో వెలువడిన పరిశోధన చెప్పిందీ అలాంటిదే. అయిదు నెలలపాటు ఉప్పు తగ్గించి తిన్నవాళ్లకు మునుపటి ఉప్పు ఎక్కువనిపించడం మొదలైంది. ఉప్పు పూర్తిగా మానేయడం అందరికీ తగదు, జబ్బులున్నవాళ్లు డాక్టరుని అడగాల్సిందే. తగ్గించుకుంటూ రావడం మాత్రం దాదాపు అందరికీ పనికొచ్చే పని. తొలి వారాల చప్పదనాన్ని ఓర్చుకున్నవాళ్లకే ఆ తర్వాతి రుచి.

గాంధీజీకీ ఇది అనుభవమే. 1888లో చదువుకని లండన్‌ వెళ్లినప్పుడు మసాలా లేకుండా ఉడకబెట్టిన పాలకూర ఆయనకు మింగుడుపడలేదు. కొన్నాళ్లకు అదే ఇష్టమైంది. రుచి ఉండేది నాలుకలో కాదు, మనసులో అని ఆయన తన ఆత్మకథలో తేల్చేశారు. జన్యువుల సంగతి తెలిశాక నాలుకను అంత తేలిగ్గా తీసిపారేయలేం కానీ, మనసు వాటా మాత్రం తక్కువ కాదు.

బతిమాలొద్దు... లంచమూ వద్దు

'ఈ కూర తింటే ఐస్‌క్రీమ్‌' అనడం పిల్లల దగ్గరే కాదు, పెద్దల దగ్గరా చెల్లదు. అమెరికా పరిశోధకురాలు లియాన్‌ బిర్చ్‌ 1984లో పిల్లలకు ఓ పానీయం తాగితే బహుమతి ఇస్తామన్నారు. తాగారు. కానీ ఆ తర్వాత దాని మీద ఇష్టం తగ్గింది! లంచం ఇస్తున్నారంటే అది బాగోదనేగా అర్థం?

ఎగతాళి ఇంకా చేటు. పెళ్లి భోజనంలో పదిమంది ముందు 'మా వాడు ఆకుకూర తినడండీ, పసిపిల్లాడు' అంటే ఆ మనిషికి ఆకుకూర కన్నా ఆ పంక్తి మీదే విరక్తి పుడుతుంది. చాలామంది పెద్దవాళ్లు ఈ భయంతోనే బంధువుల ఇళ్లలో భోజనం తప్పించుకుంటారు, 'ఇప్పుడే తిని వచ్చాం' అంటారు.

వండేవాళ్లకీ ఓ సలహా. రెండో గిన్నెను ఒక్కరోజులో ఎత్తేయకండి. వేపుడు ఉండనివ్వండి. పక్కన చెంచాడు కొత్త కూర పెట్టి ఇక దాని మాటెత్తకండి. అంతకన్నా మంచిది, వారానికొకరోజు తినేవారినే సంతకు పంపి, నచ్చిన కూర ఒకటి తెమ్మని, వాళ్లచేతే తరిగించండి. తన చేత్తో తరిగిన కూరను కనీసం ఉప్పు చూడ్డానికైనా నోట్లో పెట్టుకుంటారు.

ఇది మొండితనం కాకపోతే...

అయిదారు పదార్థాలు తప్ప ఏవీ ముట్టలేక, బరువు తగ్గిపోతూ, కొత్త ముద్ద చూస్తే గొంతు పట్టేసినట్టయ్యే పెద్దవాళ్లు కొందరుంటారు. అది పేచీ కాదు. తినే విషయంలో ఉండే ఒక రుగ్మతగా అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని తన జాబితాలో చేర్చింది. చికిత్స ఉంది. మామిడికాయ పప్పుతో సరిపెట్టకుండా మానసిక నిపుణుణ్ని, పోషకాహార నిపుణుల్ని కలవాలి. ఎన్నాళ్లుగానో ఇష్టంగా తినేవి హఠాత్తుగా రుచించకపోయినా డాక్టరుకి చూపించుకోవాలి. షుగరున్నవాళ్లు పండు ఎంత తినాలన్నదీ డాక్టరే చెప్పాలి. నూజివీడులో పుట్టినా సరే!

సీజనయ్యాక?

జూన్‌ తర్వాత పచ్చి మామిడి దొరకదు కదా, అప్పుడు తోటకూరకు తోడెవరు? ఆ ఏర్పాటు వేసవిలోనే జరిగిపోవాలి. పుల్లటి కాయల చెక్కు తీసి, ముక్కలు కోసి, కాస్త ఉప్పు పట్టించి డాబా మీద బట్ట పరిచి ఎండబెడితే ఒరుగులు. గలగలమనేదాకా ఎండాక సీసాకెత్తితే ఏడాది పొడుగునా ఉంటాయి. వానాకాలంలో పప్పు ఉడుకుతుండగా నాలుగు ఒరుగులు కడిగి నానేసి, గుప్పెడు తోటకూరతోపాటు వేస్తే చాలు. అందులో అప్పటికే ఉప్పుంటుంది కాబట్టి పప్పులో వేసేముందు ఓసారి రుచి చూడాలి.